చదివించాం కదా, ఇంకేం వాటా?

మాస్టారు: ముందు లెక్కలు చెప్పనీ, తర్వాత నువ్వు ఎంత కాదన్నా వింటాను. మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల్లో 2023లో ఆడపిల్లలు 75.38 శాతం పాసైతే మగపిల్లలు 69.27. 2024లో 89.17, 84.32. 2025లో 84.09, 78.31. మొత్తం పాస్ శాతం ఒక ఏడు ఎక్కింది, ఇంకో ఏడు జారింది. ఎక్కినా జారినా ఆ అయిదారు శాతం తేడా మాత్రం అలాగే నిలబడింది. ఇది గాలివాటంగా వచ్చేది కాదమ్మా. నేను సర్వీసులో చేరిన కొత్తలో తిరువూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో పదో తరగతి ఆడపిల్లలంతా రెండు బెంచీల్లో సర్దుకునేవారు. గంపలగూడెం వైపు పల్లె నుంచి ఆడపిల్ల ఏడు దాటి పైకొచ్చిందంటే ఆ పిల్ల తండ్రి మునసబో కరణమో అయ్యుండాలి. ఇవాళ మొదటి పది మంది పేర్లు చదువుతుంటే మగపిల్లాడెక్కడున్నాడా అని వెతుక్కోవాలి. సమాజం మారకుండానే ఇదంతా జరిగిందంటావా?

లెక్చరర్: మీరు చెప్పింది పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్ల లెక్క మాస్టారూ. రానివాళ్ల లెక్క ఇంకోచోట ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. మార్కుల్లో ఇంత ముందున్నామని చెప్పుకునే మనం చిన్నపిల్లల పెళ్లిళ్లలో దేశం సగటుని దాటిపోయాం. అదే సర్వేలో పదేళ్లు, ఆ పైన బడికి వెళ్లిన ఆడవాళ్లు మన రాష్ట్రంలో నూటికి నలభై మంది కూడా లేరు. ఒకే వీధిలో ఒక పిల్ల ఫొటో స్కూలు ఫ్లెక్సీ మీద, ఆ పిల్లతో ఆరో తరగతిలో పక్కన కూర్చున్న పిల్ల ఫొటో పెళ్లి ఫ్లెక్సీ మీద. పాస్ శాతం లెక్కేసేటప్పుడు రెండో పిల్ల భాగహారంలోకే రాదు. లెక్కల మాస్టారు మీరు, హారం సంగతి నేను చెప్పాలా?

మాస్టారు: హారం సరే, కాలం కూడా చూడు. అదే సర్వే 2005-06లో చేసినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో చిన్నవయసు పెళ్లిళ్లు సగానికి పైన. 2015-16 నాటికి మన రాష్ట్రంలో 33 దగ్గరికి వచ్చాయి, తర్వాత 29. ఇంకా వెనక్కి పోతే, 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు 32.72 శాతం. 2011 నాటికి 59.15. తిరువూరు అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉంది, ఆ జిల్లాలో 69.18. ఇరవై ఏళ్లలో ఇంత నడక నడిచినవాళ్లని ఇంకా మిగిలిన దూరం చూపించి చిన్నబుచ్చకూడదు.

లెక్చరర్: నడకతో నాకు పేచీ లేదు. వెనక నుంచి తోస్తున్నది ఎవరు, ఎటు తోస్తున్నారు అన్నదే నా గొడవ. మీరు సమాజం మారిందంటున్నారు. ఆడపిల్లని వాడుకునే తీరు మారిందని నేనంటున్నాను.

మాస్టారు: సమాజం అని గాల్లో మాట్లాడను, కంటితో చూసిందే చెబుతాను. నా మొదటి రోజుల్లో ఆడపిల్ల బడి మానేస్తే కారణం అడగక్కర్లేదు, చంకలో కనపడేది. ఇంట్లో అయిదుగురు పిల్లలుంటే పెద్దపిల్లే రెండో తల్లి. అమ్మ మిరప కోతకు పోతే చంటివాణ్ణి ఎత్తుకుని బడి అరుగు మీద నిలబడి పాఠం వినే పిల్లలుండేవారు. వాడు ఏడిస్తే లేచి వెళ్లిపోయేవారు. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ అనే మాట మన దగ్గర ఎంత తొందరగా పాకిందో చూడు. 1992-93 సర్వేలో సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలు, 2019-21కి 1.7. డబ్బూ చదువూ వచ్చాక కాన్పులు తగ్గటం లోకరీతి. మన పల్లెల్లో ఆ రెండూ సరిగ్గా రాకముందే తగ్గాయి. దాంతో పెద్దపిల్ల చంక ఖాళీ అయింది. ఇద్దరూ ఆడపిల్లలే అయినా చాలు అనుకున్న ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు? ఆ ఇంట్లో ఎవరినైనా చదివించాలనుకుంటే ఆడపిల్లనే చదివించాలి మరి.

తర్వాత పొయ్యి. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. అంతకు ముందు పుల్లల కోసం పొలం గట్ల వెంట పోయిన పొద్దంతా ఆడపిల్లదే. పదో తరగతి లెక్కలకి గ్యాస్ బండ చేసినంత మేలు నేను చేశానో లేదో, ఒట్టు.

ఇంకొకటి, తల్లి చేతిలో నాలుగు రూపాయలు ఆడటం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, మరుసటేడు రాష్ట్రంలో సారానే లేకుండా పోయింది. ఆ తర్వాత పొదుపు సంఘాలు. 2006 నుంచి ఉపాధి హామీ పనిలో ఆడకీ మగకీ ఒకే కూలి. దాంతో బడిలో నా గదికి వచ్చే మనిషే మారిపోయింది. వెనకటికి టీసీ కోసం, స్టడీ సర్టిఫికెట్ కోసం తండ్రి వచ్చేవాడు, కొడుకుని కాలేజీలో వేయటానికి. పోను పోను తల్లి రావటం మొదలైంది, సంఘంలో లోను తీసుకుని, కూతురిని వేయటానికి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే కొంగుతో చేతులు తుడుచుకుని మరీ పెట్టేది.

లెక్చరర్: గ్యాస్ బండా, ఆ తల్లీ రెండూ ఒప్పుకుంటాను. ఆపరేషన్ మాట ఎత్తారు గనక ఒక్క ముక్క. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దాదాపు 70 శాతం. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం లేదు. పెద్దపిల్ల చంక ఖాళీ చేయటానికి కూడా తల్లి పొట్టే కోయించుకోవాల్సి వచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తాను. మీరు చెప్పినవన్నీ ఆడపిల్ల బడికి రాగలగటానికి కారణాలు. మగపిల్లాడిని ఎందుకు దాటిపోయిందో అవి చెప్పవు. వాడికి చంటిపిల్లల పనీ లేదు, పుల్లల పనీ లేదు, మొదటినుంచీ చేతులు ఖాళీయే కదా! ఆ బరువులు దిగాక ఇద్దరూ సమానం కావాలి గానీ ఆడపిల్ల ముందుకెళ్లటం ఏమిటి? నా జవాబు మీకు నచ్చదు. పది తప్పిన మగపిల్లాడికి మన ఊళ్లో బోలెడు దారులున్నాయి. మామిడి సీజన్లో తోటల పని, లారీల దగ్గర పని, సెల్ షాపు, ఆటో, జేసీబీ, టైల్స్ పరచటం. సరిహద్దు దాటి సత్తుపల్లి పోతే బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని. సాయంత్రమైతే జాతీయ రహదారి పక్కన టీ కొట్టు, చేతిలో ఫోను, కింద బండి. ఆడపిల్లకి వీటిలో ఏదీ లేదు. ఫోను ఇవ్వరు, బండి ఇవ్వరు, చీకటి పడితే గుమ్మం దాటనివ్వరు. ఆ నాలుగు గోడల మధ్య మిగిలింది పుస్తకం. పైగా మగపిల్లాడు తప్పితే సప్లిమెంటరీ రాస్తాడు. ఆడపిల్ల తప్పితే సంబంధం చూస్తారు. ఇంత పందెం మీద పరీక్ష రాసేవాళ్లకి మార్కులు రాక ఏమొస్తాయి? ఆ భయానికి మార్కుల మెమోలో కాలమ్ లేదు కాబట్టి మనం దాన్ని పట్టుదల అంటున్నాం.

మాస్టారు: ఇందులో కొంత నిజముంది, నేనూ చూశాను. పరీక్ష ఫీజు కట్టే నెలలో "మాస్టారూ, ఈ పిల్ల పాసవుద్దంటారా" అని తండ్రి అడిగితే, దేని కోసం అడుగుతున్నాడో నాకు తెలిసేది. అవుతుందనే చెప్పేవాణ్ణి, తెలిసినా తెలియకపోయినా. కానీ అమ్మాయ్, భయంతో 35 మార్కులు వస్తాయి. 600కి 570 రావు. ఆ పైన వచ్చేదంతా ఇష్టంతో వచ్చేదే. నీ వాదంలో ఇంకో చిల్లు ఉంది. ఆడపిల్లని గుమ్మం దాటనివ్వకపోవటం ఈ తరంలో పుట్టిందా? మీ అమ్మమ్మనీ దాటనివ్వలేదు. ఆవిడకీ ఫోను లేదు, బండి లేదు, టీ కొట్టు లేదు. మరి ఆవిడ ఫస్టు క్లాసులో ఎందుకు పాసవలేదు?

లెక్చరర్: ఆ దెబ్బ తగిలింది.

మాస్టారు: గోడలు పాతవే. కొత్తగా వచ్చింది కిటికీ. నర్సమ్మ స్కూటీ మీద వచ్చి వెళ్లటం పిల్ల చూసింది. డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని పక్క ఊరి బడికి వచ్చిన టీచరమ్మని చూసింది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టాక సొంత మండలంలో, తెలిసిన మొహమే, డిగ్రీ చదివి కుర్చీలో కూర్చుంది. తాతలనాడు చదువుకుంటే ఏమవుతావే అని అడిగితే ఆడపిల్ల దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వేలు పెట్టి చూపిస్తుంది. పడమటి బెంగాల్లో ఆడ సర్పంచులున్న ఊళ్లలో తల్లిదండ్రులు కూతుళ్ల మీద పెట్టుకునే ఆశలు పెరిగాయని పరిశోధనలు తేల్చాయట. పరిశోధన చేయకుండానే మాకిక్కడ తెలిసింది.

లెక్చరర్: కిటికీ ఉంది, కాదనను. అటు చూసే పిల్ల కూడా ఉంది. కానీ ఖర్చు పెట్టేది పిల్ల కాదు కదా, ఇంటి పెద్దలు. వాళ్లు కిటికీలోంచి స్కూటీనే చూశారంటారా? వాళ్లకి కనపడింది అల్లుడు. పిల్లకి ఇంజనీరింగ్ ఉంటే అవతల సాఫ్ట్‌వేర్ సంబంధం, ఎంఎస్ చేసిన సంబంధం అడగొచ్చు. బయోడేటాలో ఎత్తు, రంగు, గోత్రం తర్వాత ఒక గడి పెరిగింది, అందులో బీటెక్ అని రాయాలి. ప్రభుత్వం కూడా ఆ గడిని ఒప్పుకుంది. 2022లో పెళ్లి కానుక ఇచ్చే కల్యాణమస్తు పథకానికి వధువూ వరుడూ పది పాసై ఉండాలని నిబంధన పెట్టారు. పదో తరగతి సర్టిఫికెట్ పెళ్లి అర్హతగా గవర్నమెంటు ఉత్తర్వులోకే ఎక్కింది. ఆ బీటెక్ పిల్ల మొగుడి వెంట అమెరికా పోయి హెచ్4 వీసా మీద వంటింట్లో కూర్చునేది. ఆ వీసా మీద వెళ్లిన భార్యల్లో కొందరికైనా పని చేసుకునే అనుమతి వచ్చింది 2015లో. అంతవరకూ ఆ డిగ్రీ దేనికి పనికొచ్చింది?

మాస్టారు: పది పాసవ్వాలన్న నిబంధన వల్ల రెండేళ్లు ఆగిన పెళ్లి ఒక్కటైనా ఉండదా? ఆ రెండేళ్లు పిల్లకి లాభమా, నష్టమా?

లెక్చరర్: లాభమే. కానీ చదువుకి కారణం ఎప్పుడూ ఇంకెవరో అవుతున్నారు. 1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు, దండం పెడతాను. ఆయన కాలంలో స్త్రీవిద్యకి చెప్పిన న్యాయం ఏమిటి? మంచి ఇల్లాలు కావటానికి, మంచి తల్లి కావటానికి. నూటయాభై ఏళ్ల తర్వాత మనం చెప్పేది, మంచి సంబంధం రావటానికి. ఆడపిల్ల చదువుని ఎప్పుడూ ఇంకొకరి పద్దు కిందే రాస్తున్నాం.

మాస్టారు: రాసినవాడి ఉద్దేశం ఒకటి, చదివినదాని దారి ఒకటి. నా సర్వీసంతటికీ నాకు మిగిలిన నమ్మకం ఇదే, దీన్ని నువ్వు కదిలించలేవు. మంచి ఇల్లాళ్ల కోసం మొదలెట్టిన ఆ గాలిలోనే పెరిగింది దుర్గాబాయి. ఎనిమిదో ఏట పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ పెళ్లి నాకొద్దని చెప్పిన మనిషి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లని మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టింది. 1958లో దేశం మొత్తానికి స్త్రీవిద్య మీద వేసిన కమిటీకి అధ్యక్షురాలైంది. ఏ సంఘసంస్కర్త లెక్కలోనైనా ఇది ఉందా? మన గురుకులాలే తీసుకో. ఆడపిల్లల గురుకులంలో సీటు కావాలని నా చుట్టూ తిరిగిన తండ్రులు లైబ్రరీ ఎంత పెద్దదని ఎప్పుడూ అడగలేదు. గేటుకి తాళం వేస్తారా అని అడిగారు. తాళం చూసి పంపారు, పిల్ల లోపల లైబ్రరీ చూసుకుంది. ఏడేళ్ల తర్వాత బయటికొచ్చిన పిల్ల ఆ తండ్రి పంపిన పిల్ల కాదు.

లెక్చరర్: ఇది మీ వాదంలో బలమైన చోటు, నాకు తెలుసు. నేనూ అలా తాళం లోపల చదివిన దాన్నే. అందుకే ఉద్దేశాలు వదిలేసి డబ్బు దగ్గరికి వస్తాను. ఉద్దేశం గురించి ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు, డబ్బు అబద్ధం చెప్పదు.

నూజివీడు ఎంత దూరం మనకి? విస్సన్నపేట మీదుగా పోతే అరపూట ప్రయాణం కూడా కాదు. 2008లో పెట్టిన ఆ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకి కాస్త వెసులుబాటు కూడా ఉంది. కోచింగ్ అక్కర్లేదు. అక్కడ చేరేవాళ్లలో సగానికి మించి ఆడపిల్లలే. ఇప్పుడు ఐఐటీలు చూడండి. అక్కడ ప్రవేశానికి ఇంటర్ రెండేళ్లూ, ఒక్కోసారి ఆరో తరగతి నుంచే లక్షలు పోయాలి. ఆడపిల్లలు నూటికి పది మంది కూడా లేకపోతే, 2018లో వాళ్ల కోసం అదనపు సీట్లు సృష్టించారు. మొదట 14 శాతానికి, 2020కి 20 శాతానికి ఆ లెక్క చేరేలా. పదో తరగతిలో ముందున్న పిల్లలు రెండేళ్లలో తెలివి పారేసుకున్నారా? మార్కులు చాలిన చోట ఆడపిల్ల ఉంది. ముందుగా డబ్బు పోయాల్సిన చోట లేదు. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లల్ని 2002 నుంచి వెంబడించి చూసిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో తేలిందీ ఇదే, ప్రైవేటు బడికి మగపిల్లాడు, సర్కారు బడికి ఆడపిల్ల. అన్నని వ్యాను ఎక్కించి, చెల్లెల్ని నడిపించి, చెల్లెలికి ఎక్కువ మార్కులొస్తే సమాజం మారిందని ఫ్లెక్సీ కడుతున్నాం.

మాస్టారు: సర్కారు బడి గురించి అలా అంటే నాకు కోపం వస్తుంది. నీకూ నాకూ అన్నం పెట్టింది ఆ బడే. ఇక విజయవాడ చుట్టూ ఉన్న ఆ కోచింగ్ హాస్టళ్ల సంగతి. తెల్లారకముందు నుంచి అర్ధరాత్రి దాకా రుద్దే ఆ చదువుకి ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకున్నామో నీకు తెలుసు. అందులోకి వెళ్లకపోవటం ఆడపిల్లకి అన్యాయమని నేననుకోను.

లెక్చరర్: ఆ చదువు మంచిదా చెడ్డదా అన్నది వేరే రోజు మాట్లాడుకుందాం. అదే మంచిదని ఇంట్లోవాళ్లు నమ్మిన రోజున ఎవర్ని పంపారు?

మాస్టారు: కొడుకుని. సరే, రాసుకో. కానీ ఈ పదేళ్లలో కూతుళ్లనీ పంపుతున్నారు, అది కూడా రాసుకో.

లెక్చరర్: రాసుకున్నాను. ఇప్పుడు అసలు మాట. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది, 1986లో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లందరికీ వర్తిస్తుందని అందులో ఉంది. దేశమంతటికీ ఆ హక్కు రావటానికి 2005 దాకా పట్టింది. ఆయన పేరు పెట్టిన జిల్లాలోనే ఇప్పుడు మన తిరువూరు ఉంది. ఆయన ఇచ్చిన రెండిటిలో మనం ఏది తీసుకున్నాం? చదువు తీసుకున్నాం. భూమి? తండ్రి పోయిన ఏడాదిలోపు అక్కచెల్లెళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చి హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టి, చీరలు పెట్టించుకుని బస్సెక్కుతారు. అడిగిన పిల్లకి చెప్పే జవాబు ఒకటే, నిన్ను చదివించాం కదా, పెళ్లి చేశాం కదా, ఇంకేం వాటా? సంచారి రాయ్ అనే ఆర్థికవేత్త 2015లో అచ్చువేసిన పరిశోధనలో ఇదే చూపించారు. ఇలాంటి చట్టాలొచ్చిన రాష్ట్రాల్లో తండ్రులు భూమిని కొడుకుల పేర ముందే రాసేసి, కూతుళ్లకి బదులుగా చదువు పెంచారు, కట్నం పెంచారు. వేరేగా చెప్పే పరిశోధనలూ ఉన్నాయి, దాచను. కానీ మన ఊరి రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద ఓ గంట కూర్చుంటే ఏ పరిశోధన నిజమో తెలుస్తుంది. మీరు సంబరపడుతున్న ఆ మార్కుల వెనక భూమి కొడుక్కే ఉండాలన్న పట్టుదల ఉంది. చదువు ఆడపిల్లకిచ్చిన చవక వాటా.

మాస్టారు: అయిపోయిందా? ఇప్పుడు నా మాట విను. తిరువూరు ఎస్సీ నియోజకవర్గం. నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచీ మాదిగపల్లెల నుంచీ తండాల నుంచీ వచ్చినవాళ్లు. వాళ్ల తండ్రులకి రాసివ్వటానికి సెంటు భూమి లేదు. ఏ వాటాకి బదులుగా వాళ్లు కూతుళ్లని చదివించారు? ఏ కొడుక్కి దాచిపెట్టటానికి? ఆ ఇళ్లలోంచి నర్సింగ్ చదివిన పిల్లలున్నారు, కానిస్టేబుళ్లున్నారు, టీచర్లున్నారు. పెద్దపిల్ల నర్సయితే ఆ జీతంతో తమ్ముళ్లు చదివారు, ఇంటికి స్లాబు పడింది. నీ వాదం పదెకరాల కమతం ఉన్న ఇంటి వాదం. నా బడిలో ఆ ఇళ్ల పిల్లలు ఎంతమంది? వాళ్లు ఏనాడో ప్రైవేటుకి పోయారు. నా బెంచీల్లో కూర్చున్న పిల్లకి చదువు దేనికీ బదులు కాదు. అదొక్కటే ఉంది.

లెక్చరర్: ఇది నేను తేలిగ్గా దాటలేను. నా దగ్గర ఎకనామిక్స్ చదివే పిల్లల్లోనూ అలాంటివాళ్లే ఎక్కువ. భూమి లేని ఇంట్లో చదువు ఎవరి వాటానీ కాజేయలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా అక్కడ కూడా ఒక ప్రశ్న అడుగుతాను. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో తండ్రి మంచాన పడ్డాడనుకోండి. డయాలసిస్‌కి తోడు ఎవరు వెళ్తారు? వంట ఎవరు చేస్తారు? హాస్టలు నుంచి ఇంటికి రమ్మని కబురు ముందు ఎవరికి వెళ్తుంది?

మాస్టారు: ఆడపిల్లకే వెళ్తుంది.

లెక్చరర్: చదువు ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలిగినప్పుడు దాన్ని ఆస్తి అనటం నాకు కష్టం.

మాస్టారు: వెనక్కి తీసుకునేది కాలేజీని. నేర్చుకున్నదాన్ని ఎలా తీసుకుంటారు? దొంగలు దోచలేరు, దొరలు దోచలేరు అని మనవాళ్లు ఊరికే అన్నారా?

లెక్చరర్: అవసరమైనప్పుడల్లా ఆ సామెత బయటికి తీస్తారు, మగపిల్లాడికి మాత్రం సామెతతో పాటు పాస్‌బుక్కు కూడా ఇస్తారు. చదువు చాలదని నేను ఊరికే అనటం లేదు. కేరళ కంటే ఆడవాళ్ల చదువున్న రాష్ట్రం ఏది? అక్కడ తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ పరిశోధన చేసి 2005లో ప్రచురించారు. పేరు మీద ఇల్లూ భూమీ ఏదీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు. రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. అంత చదువున్న చోట కూడా చెయ్యి ఆగింది ఆస్తి దగ్గరే.

మాస్టారు: ఆ 7 శాతంలోని మనిషి తన పేర ఉన్న కాగితం తానే చదువుకోగలిగింది గనక అది ఆవిడది అయింది. చదువురాని రోజుల్లో ఆడవాళ్ల పేర భూమి లేదనుకుంటున్నావా? పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరాలు ఎన్ని లేవు మన వైపు? శిస్తు ఎవరు కట్టారు, కౌలు ఎవరు తీసుకున్నారు, అప్పు కింద తాకట్టు పెట్టింది ఎవరు? మొగుడు. ఆవిడ వేలిముద్ర వేసింది. చదువు లేని భూమి అలా పోయింది, భూమి లేని చదువు నర్సు ఉద్యోగమైంది. రెండిట్లో ముందు ఏదివ్వాలంటే నేను చదువే ఇస్తాను.

లెక్చరర్: ముందు ఏది అని మగపిల్లాడి విషయంలో ఎవరూ అడగరు, చూశారా?

మాస్టారు: చూశాను.

లెక్చరర్: మీ మామిడి తోట ఎన్నెకరాలు మాస్టారూ?

మాస్టారు: నాలుగు. ఏం, ఎందుకడుగుతున్నావో తెలుసు. అమ్మాయిని ఎమ్మెస్సీ చదివించాను, ఉద్యోగం చేసుకుంటోంది, నేనిచ్చింది చాలదని తను ఏనాడూ అనలేదు.

లెక్చరర్: అడిగారా?

మాస్టారు: అడగలేదు. అడిగితే వద్దంటుంది.

లెక్చరర్: అందుకే అడగలేదేమో.

మాస్టారు: నన్ను బోనెక్కించటం కాదు, నీ సంగతి చెప్పు. మీ నాన్నగారి పొలం మీద నువ్వు సంతకం పెట్టావా, లేదా?

లెక్చరర్: పెట్టాను. అప్పటికి లెక్చరర్ని. సర్వే నంబర్లు సరిచూసి, ప్రతి పేజీ చదివి మరీ పెట్టాను. ఒక హద్దు తప్పు పడితే దిద్దించాను కూడా.

మాస్టారు: చట్టం తెలిసీ ఎందుకు పెట్టావు?

లెక్చరర్: పుట్టింటి రాకపోకలు పోతాయని. మా అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటోంది. అమ్మని చూడాలంటే ఆ ఇంటికే వెళ్లాలి.

మాస్టారు: మీ అమ్మ కూడా తన పుట్టింట్లో ఇలాగే పెట్టి ఉంటుంది.

లెక్చరర్: వేలిముద్ర.

మాస్టారు: మరి ఆ వేలిముద్రకీ నీ సంతకానికీ తేడా ఉందా లేదా? లేదంటే ఇంతసేపు నేను మాట్లాడిందంతా దండగ, ఉందంటే నువ్వు మాట్లాడింది దండగ.

లెక్చరర్: ఉంది. ఆ పత్రాన్ని తిరగదోడే వీలుందా అని మొన్న విజయవాడలో ఒక వకీలుని అడిగాను. మా అమ్మకి ఆ ఆలోచనే వచ్చి ఉండదు.

మాస్టారు: ఏమన్నాడు?

లెక్చరర్: కోర్టు దాకా ఎందుకమ్మా, ముందు తమ్ముడితో మాట్లాడి చూడు అన్నాడు.